తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఒడిశాలోని రాయగడలో మేము కొందరం కలిసి నడుపుతున్న ఒక అద్దె ఇంటి గురించి గత సంచికలో రెండు పేరాలు రాశాను. జైలు నుంచి విడుదలైన మగవాళ్ళలో వెళ్ళడానికి ఇల్లు లేనివాళ్ళు, ఇల్లున్నా వెంటనే గడప తొక్కలేనివాళ్ళు మూడు నాలుగు నెలలు తలదాచుకునే చోటు అది. ప్రొబేషన్ ఆఫీసరుగా రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక నెత్తికెత్తుకున్న పని. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. తిట్లు కూడా వచ్చాయి. వాటిలో ఒకదానికి మాత్రం జవాబు చెప్పి తీరాలి, చెప్పాను. రాసినవాళ్ళ పేర్లు వేయడం లేదు.

*

గుణుపురం నుంచి ఒక అన్నయ్య: అమ్మగారికి నమస్కారం. కొట్లాటలో పక్క ఊరి మనిషి ఒకరు చనిపోయిన కేసులో మా తమ్ముడికి ఎనిమిదేళ్ళ శిక్ష పడింది. ఈ దీపావళి వెళ్ళాక విడుదలవుతాడు. అమ్మ పోయింది. తమ్ముడి భార్య పిల్లల్ని తీసుకుని కాశీనగర్‌లో పుట్టింటికి వెళ్ళిపోయింది. మా ఇంట్లో పెళ్ళీడుకొచ్చిన కూతురు ఉంది, సంబంధాలు చూస్తున్నాం. తమ్ముణ్ణి ఇంటికి తీసుకురావాలా, వేరే గది చూడాలా? వేరే పెడితే లోకం ఏమంటుంది?

నాయనా, తీసుకొస్తే ఒక మాట, తీసుకురాకపోతే ఇంకో మాట. లోకం నోరు ఎలాగూ మూతపడదు కాబట్టి దాన్ని పక్కన పెడదాం. గది వేరుగా చూడండి, మీ ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో. భోజనం మాత్రం మీ ఇంట్లో పెట్టండి. ఎనిమిదేళ్ళు బారక్‌లో ఉన్నవాడు పెళ్ళిచూపులు జరుగుతున్న ఇంట్లోకి ఒక్కసారిగా వచ్చి పడితే, వంటింట్లో గిన్నె గట్టిగా పెట్టినా తన గురించే అనుకుంటాడు. ఇంకో సంగతి. మరిది వస్తే రెండు పూటలా చాకిరీ ఎవరికి పెరుగుతుంది? మీ భార్యను అడిగారా? రెండు పేజీల ఉత్తరంలో ఆవిడ మాట ఒక్కటీ లేదు.

విడుదలయ్యే రోజు గేటు దగ్గరికి మీరే వెళ్ళండి, పదిమందిని వెంటబెట్టుకుని కాదు. విడుదల పత్రం, జైల్లో చేసిన పనికి జమ అయిన కూలి, లోపలికి వెళ్ళేటప్పుడు అప్పగించిన వస్తువులు చేతికి వచ్చాయో లేదో అక్కడే చూసుకోండి. విడుదల పత్రానికి నాలుగైదు జెరాక్సులు తీయించి అసలుది ట్రంకు పెట్టెలో పెట్టండి. రెండేళ్ళకు పైగా లావాదేవీలు లేని బ్యాంకు ఖాతా స్తంభించిపోయి ఉంటుంది. ఆధార్‌తో బ్యాంకుకు వెళితే మళ్ళీ తెరుస్తారు. రేషను కార్డులో పేరు ఉందో ఎగిరిపోయిందో కూడా ఆ వారమే చూడండి.

తర్వాత ఓపిక కావాలి. మా ఇంటికి వచ్చిన ఒకాయన మొదట్లో స్నానాల గది తలుపు ముందు నిలబడి ఉండేవాడు. తలుపు దగ్గరగా వేసి ఉంటుంది, తోస్తే వస్తుంది. తొయ్యడు. ఎవరో వచ్చి తీయాలి. జైల్లో ఏ తలుపూ ఖైదీ చేత్తో తెరుచుకోదు కదా. రాత్రి లైటు ఆర్పితే నిద్ర పట్టేది కాదు, బారక్‌లో తెల్లవార్లూ దీపం ఉంటుంది. చీకటి పడకముందే వచ్చి మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు, ఎవరో వచ్చి తలలు లెక్కపెడతారన్నట్టు. అలాంటప్పుడు మందలించకండి, జాలిపడుతూ చుట్టూ తిరగకండి. మీ తమ్ముడు లోపలికి వెళ్ళిన నాడు చలామణిలో ఉన్న రెండు వేల నోటును 2023లో వెనక్కి తీసుకున్నారు. అప్పుడు మనవైపు అంతగా కనిపించని క్యూఆర్ కోడ్ అట్ట ఇప్పుడు పల్లీల బండికి కూడా వేలాడుతోంది. టీ తాగి డబ్బులివ్వడం కూడా కొత్తగా నేర్చుకోవాలి. మీ అమ్మాయిని నేర్పమనండి. బాబాయికి పిల్లలు నేర్పితే చిన్నతనం ఉండదు.

కాశీనగర్ ప్రయాణం మొదటి నెల వద్దు. ముందు ఉత్తరం రాయనివ్వండి. భార్య నుంచి జవాబు వస్తే వస్తుంది. మీరు పెద్దమనుషుల్ని వేసుకుని వెళ్ళి ఆ అమ్మాయిని నిలదీయకండి, ఎనిమిదేళ్ళు పిల్లల్ని సాకింది ఆవిడ.

ఆస్తి సంగతి మీరు రాయలేదు గానీ ఉండే ఉంటుంది. శిక్ష పడినంత మాత్రాన తండ్రి ఆస్తిలో వాటా పోదు. హత్య చేసినవాడికి హతుడి ఆస్తి రాదని హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ చెబుతుంది, చనిపోయినవారు మీ ఇంటి మనిషి కాదు కాబట్టి దానికీ మీకూ సంబంధం లేదు. వచ్చిన వారంలోనే ఏ కాగితం మీదా సంతకం పెట్టించుకోకండి. పెళ్ళివారికి తమ్ముడి విషయం ముందే చెప్పండి. తాంబూలాలు పుచ్చుకున్నాక ఇంకొకరు చెబితే అప్పుడు అసలు గొడవ.

*

పర్లాకిమిడి నుంచి ఒక ఇల్లాలు: మా వెనక వాటాలో అద్దెకున్న అబ్బాయి జైలుకు వెళ్ళొచ్చాడని ఇప్పుడు తెలిసింది. ఒకటో తారీఖుకల్లా అద్దె ఇస్తాడు, ఏ గొడవా లేదు. ఖాళీ చేయించాలా?

ఎందుకమ్మా? ఒకటో తారీఖుకల్లా అద్దె ఇచ్చేవాళ్ళు జైలుకు వెళ్ళనివాళ్ళలో ఎంతమంది దొరికారు మీకు? అలాంటి మనిషికి ఇల్లు అద్దెకివ్వకూడదని ఏ చట్టమూ లేదు. అద్దెకున్నవాళ్ళ వివరాలు పోలీసు స్టేషన్‌లో ఇవ్వాలనుకుంటే మీ ముందు వాటా వాళ్ళవీ కలిపి ఇవ్వండి, అతనొక్కడివే కాదు. అద్దె కాగితం లేకపోతే రాసుకోండి. అది అతనికంటే మీకే అవసరం.

*

జయపురం నుంచి కొందరు యువకులు: మేము స్నేహితులం కలిసి అలాంటి ఇల్లు మొదలుపెట్టాలనుకుంటున్నాం. మాలో ఒకరి తాతగారి పాత ఇల్లు ఖాళీగా ఉంది. ఎంతమందిని చేర్చుకోవచ్చు, ఏ నియమాలు పెట్టాలి, ప్రభుత్వ సాయం దొరుకుతుందా?

బాబులూ, ప్రభుత్వం సంగతి ముందు చెప్పేస్తాను. విడుదలైనవాళ్ళకు కొంతకాలం నీడ చూపించాలని 1954లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు వేసిన గోరే సంఘం చెప్పింది. 1980–83 మధ్య పనిచేసిన జస్టిస్ ముల్లా సంఘమూ చెప్పింది. 2016 నమూనా జైలు మాన్యువల్‌లో విడుదల తర్వాతి సంరక్షణకు ఒక అధ్యాయమే ఉంది. అధ్యాయాలకు లోటు లేదు, మంచాలకే లోటు. ఇల్లులేని పట్టణవాసుల వసతి కేంద్రాలకు జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు పెట్టిన లెక్క ఒకటి ఉంది: లక్ష జనాభాకు కనీసం నూరుమందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు. 2011 లెక్కల్లో దక్షిణ ఒడిశాలోని మన సరిహద్దు జిల్లాల్లో లక్ష దాటిన పట్టణం బరంపురం ఒక్కటే. మీ జయపురమూ మా రాయగడా దాటలేదు. ఆ 50 అడుగుల కొలత మాత్రం తీసుకోండి, పనికొస్తుంది. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న గదిలో ఇద్దరే పడతారు. మూడో మంచం వేస్తే నడవడానికి ఉండదు, అది మళ్ళీ బారక్ అవుతుంది.

మొత్తం మీద ఆరుగురు చాలు. ఎక్కువమందిని పెడితే ఎవరో ఒకరు పెత్తనం మొదలుపెడతారు, అది వాళ్ళు లోపల నేర్చుకున్న విద్య.

ఇప్పుడు అసలు విషయం, తాళంచెవి. వీధి తలుపు తాళంచెవి ప్రతి మనిషికీ ఒకటి చేయించి ఇవ్వండి. ఒక్కొక్కరికి ఒక ట్రంకు పెట్టె, దానికి సొంత తాళం. బయటి నుంచి గడియ పెట్టే అలవాటు మీ ఇంటికి రానే కూడదు. మాతో మొదట కలిసి పనిచేసిన పెద్దాయన ఒకరు దీన్ని ససేమిరా ఒప్పుకోలేదు. రాత్రి తొమ్మిదికి తాళం వేసి చెవి తలగడ కింద పెట్టుకుంటానన్నారు. మేము ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. మంచి మనిషే, ఇప్పటికీ సంక్రాంతికి బియ్యం పంపిస్తారు. కానీ తాళం వేసే చోటు కావాలంటే ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉంది కదా, మనం ఇంకొకటి కట్టడం దేనికి? 1939లో ఔంధ్ సంస్థానంలో, ఇప్పటి మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా ఆట్పాడి దగ్గర, స్వతంత్రపూర్ అని ఒక ఖైదీల కాలనీ పెట్టారు. హత్య కేసుల్లో శిక్షపడినవాళ్ళను కూడా సంకెళ్ళూ గోడలూ లేకుండా అక్కడ పొలం పనుల్లో పెట్టారు. శిక్ష ఇంకా పూర్తికానివాళ్ళనే అలా నమ్మగలిగినప్పుడు, శిక్ష పూర్తి చేసుకుని వచ్చినవాణ్ణి మనం రాత్రి తొమ్మిదికి బంధించడమేమిటి? ఆలస్యమైతే ఫోను చేసి చెప్పమనండి. అంతవరకు అడగవచ్చు.

నియమాలు తక్కువ ఉండాలి, ఉన్నవి కచ్చితంగా ఉండాలి. మా ఇంట్లో తాగి వస్తే ఆ రాత్రి వరండాలో పడుకోవాలి, మళ్ళీ జరిగితే వేరే చోటు చూసుకోవాలి. చేయి చేసుకుంటే ఆ రోజే ఆఖరు. ఇవి ఒడియాలోనూ తెలుగులోనూ రాసి, వచ్చిన రోజు చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుంటాం. ఎన్నాళ్ళు ఉండవచ్చో కూడా అందులోనే ఉంటుంది. మూడు నెలలు, అవసరమైతే ఇంకొక మూడు. భజనలు, ప్రవచనాలు పెట్టకండి. కావలసినవాళ్ళు మజ్జిగౌరమ్మ గుడికి వాళ్ళే వెళతారు.

కూలి దొరికిన మొదటి వారం నుంచి ఎంతో కొంత అద్దె తీసుకోండి, వంద రూపాయలైనా సరే. రసీదు ఇవ్వండి. ఊరికే పెట్టిన మంచం మీద మనిషి ఒదిగి పడుకుంటాడు, డబ్బిచ్చిన మంచం మీద కాళ్ళు చాపుకుంటాడు. కూలి డబ్బు అతని చేతికే రావాలి. మేస్త్రీ మీ చేతికిచ్చి, మీరు అతనికిచ్చే పద్ధతి పెట్టుకున్నారో, నెల తిరక్కుండా మీమీద అనుమానం మొదలవుతుంది.

ఆ రసీదు ఆధార్ కేంద్రంలో చెల్లదు, అది వేరే పని. చిరునామా రుజువు లేనివాళ్ళకు గెజిటెడ్ అధికారో, తహసీల్దారో, పురపాలక కౌన్సిలరో నిర్ణీత ఫారంలో ధ్రువీకరించి ఇస్తే ఆధార్‌లో చిరునామా మార్చుకోవచ్చు. ఆ కాగితానికి మూడు నెలలే గడువు, సంతకమైన వారంలోనే వెళ్ళండి. పని ఇప్పించడం కంటే నేను దీనికే ఎక్కువ చెప్పులు అరగదీశాను. చిరునామా లేకపోతే బ్యాంకు లేదు, సిమ్ కార్డు లేదు, రేషను లేదు. తాపీ పని వచ్చినవాడికి కూలి ఎలాగూ దొరుకుతుంది.

వంట వంతులవారీగా పెట్టండి. మొదట్లో నవ్వొస్తుంది. జైలు వంటశాలలో మూడు వందల మందికి పప్పు వండిన చెయ్యి ఆరుగురికి ఉప్పు వేయాలంటే తడబడుతుంది. మా దగ్గర ఒకతను మొదటి రోజు వండిన అన్నం వీధిలో కుక్కలకు కూడా మిగిలింది. అల్యూమినియం గిన్నెలో ఒక్క గ్లాసు బియ్యం పోసి, అదెంత తక్కువగా ఉందో చాలాసేపు చూశాడు.

ఇంటి ముందు బోర్డు మాత్రం పెట్టకండి. చందాలిచ్చేవాళ్ళు అడుగుతారు, ఫోటో కావాలంటారు. ఒప్పుకోకండి. బోర్డు పెట్టిన రోజున ఆ ఇంట్లోంచి బయటికి వచ్చే ప్రతివాడి నుదుటి మీదా అది అతుక్కుంటుంది. బోర్డు లేదని రహస్యంగా నడపడమూ వద్దు. ఇరుగుపొరుగు వాళ్ళకు మీరే వెళ్ళి చెప్పండి, ఫోను నంబరు ఇవ్వండి. స్టేషన్‌లో ఒక ఉత్తరం ఇచ్చి ముద్ర వేయించుకోండి. సంఘంగా నమోదు కావాలంటే 1860 నాటి సొసైటీల నమోదు చట్టం కింద చేసుకోవచ్చు, అది మీరు కనుక్కోగలరు.

ఎవరిని చేర్చుకోవాలన్నది కష్టమైన ప్రశ్న. జైలు సూపరింటెండెంటు అనుమతితో మనిషిని విడుదలకు ముందే కలిసి మాట్లాడండి. పిల్లల మీద లైంగిక నేరాలు చేసినవాళ్ళను మేము చేర్చుకోం, మా వీధి చివర బడి ఉంది. వాళ్ళకూ ఒక చోటు కావాలి, నిజమే, అది బడి పక్కన కాకూడదు. క్షయ ఉన్నవాళ్ళను భయపడి తిప్పి పంపకండి. జైల్లో మందులు మొదలైతే నిక్షయ్ నంబరు, అంటే క్షయ రోగుల ప్రభుత్వ నమోదు నంబరు, ఉంటుంది, ఆ నంబరుతో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా మందులు కొనసాగుతాయి, పోషణకు నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో పడతాయి. మళ్ళీ బ్యాంకు ఖాతా దగ్గరికే వచ్చాం చూడండి. నిద్రలేని, తనలో తాను మాట్లాడుకునే మనుషులు వస్తారు. మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ ఫోను నంబరు 14416, ఉచితం, గోడ మీద రాసి పెట్టుకోండి.

శిక్ష పూర్తయినవాళ్ళకే అని గిరి గీసుకోకండి. 2022 జాతీయ లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం విచారణలో ఉన్నవాళ్ళే. బెయిలు మీద వచ్చి, వాయిదాల కోసం ఊళ్ళోనే ఉండవలసినవాడికి మీ మంచం ఇంకా ఎక్కువ అవసరం. కింది ఉత్తరం చూడండి.

*

సాలూరు నుంచి ఒక అక్క: మా తమ్ముడు గంజాయి కేసులో కొరాపుట్ జైలులో ఉన్నాడు. బండి తోలడానికి వెళ్ళాడు. బెయిలు వచ్చింది కానీ ఆ జిల్లా మనిషే జామీను ఉండాలట, కేసు తేలేవరకు జిల్లా దాటకూడదట. అక్కడ మాకెవరూ లేరు. నెల దాటిపోయింది.

తల్లీ, మీ సాలూరు ఆంధ్రలో, ఆ జైలు ఒడిశాలో. ఇది ఈ సరిహద్దు పుట్టినప్పటి నుంచీ ఉన్న బాధ. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీత గీసినవాళ్ళు జామీనుల గురించి ఆలోచించి ఉండరు. ధైర్యంగా ఉండండి, మీ పక్షాన గట్టి తీర్పు ఉంది. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీ కేసులో, జామీనుదారు ఆ జిల్లావాడే కావాలని మధ్యప్రదేశ్‌లోని మేజిస్ట్రేటు పట్టుబట్టారు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపడుతూ, తెలుగువాడో తమిళుడో బస్తర్‌లోనో పోర్టు బ్లెయిర్‌లోనో పట్టుబడితే అక్కడ ఆస్తి ఉన్న జామీనును ఎక్కడి నుంచి తెస్తాడని అడిగారు. మోతీరామ్‌ను వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదిలేశారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది: స్థానిక జామీను షరతు వల్ల విడుదల ఆలస్యమవుతోంది, అలాంటి చోట కోర్టులు ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చు. బెయిలు వచ్చి నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతుల సడలింపును కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు అని కూడా అంది. మీకు నెల దాటింది కదా.

కాబట్టి రేపే కొరాపుట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కు ఫోను చేయండి. కస్టడీలో ఉన్నవాళ్ళకు 1987 చట్టం ప్రకారం వకీలు ఉచితం. సాలూరు జామీనును ఒప్పుకోమనీ, జిల్లా దాటకూడదన్న షరతు సడలించి సాలూరు స్టేషన్‌లోనే సంతకం పెట్టనివ్వమనీ దరఖాస్తు వేయించండి. పేద ఖైదీల జామీనుకు డబ్బు సాయం చేసే కేంద్ర పథకం 2023లో వచ్చింది కానీ మాదకద్రవ్యాల చట్టం కేసులకు అది వర్తించదు. ఎవరైనా ఇప్పిస్తామని డబ్బు అడిగితే ఇవ్వకండి.

షరతు సడలకపోతే తమ్ముడికి ఆ జిల్లాలో పడుకునే చోటు కావాలి. అదే జిల్లాలోని జయపురం అబ్బాయిలు ఆ తాతగారి ఇంటికి సున్నం కొట్టించడం త్వరగా మొదలుపెడితే బాగుంటుంది.

*

థెరుబలి నుంచి ఒక పాఠకుడు: దొంగబుద్ధి ఎప్పటికైనా మారుతుందా?

నలభై దాటాక చాలామంది గోడలు దూకడం మానేస్తారండీ. మోకాళ్ళు సహకరించవు.

*

మునిగుడ నుంచి ఒక సోదరి: మా అన్నయ్యను చంపినవాడు బయటికి వచ్చాడు. అదే వీధిలో తిరుగుతున్నాడు. మా వదిన తలుపులు వేసుకుని ఉంటోంది. మీ కాలమ్ చదివితే ఒళ్ళు మండింది. మీ జాలి అంతా చంపినవాళ్ళకేనా?

అమ్మా, మొదట్లో చెప్పిన ఆ ఒక్క తిట్టు మీదే, పూర్తిగా వేయకపోయినా పూర్తిగా చదివాను. మీరు క్షమించాలని నేను ఎక్కడా రాయలేదు, రాయను. అది మీ ఇంటి విషయం. మీ వదిన అతని ముఖం చూడనక్కర్లేదు, అతను పెట్టిన నమస్కారం అందుకోనక్కర్లేదు.

మా ఇల్లు ఎందుకు ఉందో మీ ఉత్తరం నాకంటే బాగా చెప్పింది. శిక్ష పూర్తయిన మనిషి ఆ రోజు సాయంత్రానికి ఎక్కడో ఒకచోట పడుకోవాలి. ఇంకో చోటు లేకపోతే అదే వీధికి వస్తాడు. చనిపోయినవారి కుటుంబం ఉన్న ఊరికి మా దగ్గరి నుంచి ఎవరినీ నేరుగా పంపం. మాలో ఒకరం ముందు వెళ్ళి అవతలి కుటుంబాన్ని కలుస్తాం. వాళ్ళు వద్దంటే ఆ మనిషికి బరంపురంలోనో విశాఖలోనో పని చూస్తాం. వాళ్ళను ఒప్పించడం మా పని కాదు. అతణ్ణి పుట్టిన ఊరికి రావద్దని చట్టప్రకారం నేను ఆపలేను, అయితే ఇంకో చోట మంచం, కూలి చూపిస్తే వెళ్ళడానికి సిద్ధపడేవాళ్ళు చాలామందే ఉంటారు. చిరునామా వేయకుండా ఉత్తరం రాశారు. పత్రిక ఆఫీసుకు తెలియజేస్తే నేనే మునిగుడ వచ్చి అతనితో మాట్లాడతాను, మీ గడప తొక్కను.

అతను వచ్చి ఏమన్నా అంటే, చూపులతో బెదిరించినా, తారీఖు, వేళ, విన్నవాళ్ళ పేర్లు రాసి స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పి రాకండి. ఇంకోటి. బాధితుల పరిహార పథకం ప్రతి రాష్ట్రంలోనూ ఉంది, పాత నేర విచారణ స్మృతిలో 357ఏ, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 396వ సెక్షన్. మీ వదిన ఎప్పుడైనా దరఖాస్తు పెట్టారా? గడువులు ఉంటాయి, అయినా రాయగడ న్యాయసేవాధికార సంస్థలో అడిగి చూడండి. మా ఇంటికి వచ్చేవాళ్ళకు ఎన్ని కాగితాలు నింపిపెట్టానో గుర్తు చేసుకుంటే, మీ వదిన లాంటివాళ్ళకు ఒక్క కాగితం నింపిపెట్టేవాళ్ళు లేకపోవడం అన్యాయమే. మీ కోపంలో ఆ భాగం నాకు తగిలింది.

*

రాయగడ దగ్గరి నుంచి, విడుదలై వచ్చిన ఒకతను: రైసు మిల్లులో హమాలీ పని చేస్తున్నాను, మిల్లు షెడ్డులోనే పడుకుంటాను. రాత్రి పన్నెండుకో ఒంటిగంటకో పోలీసులు వచ్చి తలుపు కొట్టి, ఉన్నానా లేనా అని చూసి వెళతారు. సేటు విసుక్కుంటున్నాడు. కేసులేవీ లేవు. ఇది సబబేనా? ఇంకొకటి, నాకు ఓటు వస్తుందా?

నాయనా, సబబు కాదు. 1941లో దోపిడీ కేసులో పట్టుబడి, సాక్ష్యం లేక విడుదలైన ఖరక్ సింగ్ అనే ఆయన ఇంటికి ఉత్తరప్రదేశ్ పోలీసులు ఇలాగే అర్ధరాత్రి వచ్చి లేపేవారు. ఆయన సుప్రీంకోర్టుకెక్కాడు. 1962 డిసెంబరులో కోర్టు ఆ రాత్రి తనిఖీల నిబంధనను కొట్టేసింది, ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణకు విరుద్ధమని. మిగతా నిఘా అంతా పోయిందని కాదు. నీ మీద వాళ్ళు కన్నేసి ఉంచవచ్చు, కొత్త కేసు ఉంటే పిలవవచ్చు. నిద్రపోతున్నవాణ్ణి ఊరికే లేపి ముఖం చూసి వెళ్ళడం వేరు.

తలుపు దగ్గర వాదించకు. పేరు అడిగి, మర్యాదగా మాట్లాడి పంపించు. తెల్లవారాక న్యాయసేవాధికార సంస్థ వకీలు చేత జిల్లా ఎస్పీకి ఒక దరఖాస్తు రాయించు: నేను ఫలానా మిల్లులో పనిచేస్తున్నాను, కావాలంటే పగలు స్టేషన్‌కు వచ్చి కనిపిస్తాను, రాత్రి తనిఖీలు ఆపించండి అని. పగలు వస్తానన్న మాట తప్పకుండా ఉండాలి, దానితో సగం పని అవుతుంది. సేటుకు ఆ కాగితం నకలు చూపించు.

ఓటు వస్తుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ జైల్లో ఉన్నంతకాలమే ఓటు వేయనివ్వదు, బయటికి వచ్చాక అడ్డు లేదు. ఓటరు నమోదుకు ఫారం 6 నింపు. చిరునామా రుజువు లేకపోయినా, ఇల్లు లేనివాళ్ళ కోసం ఎన్నికల సంఘం పెట్టిన పద్ధతి ఉంది. నువ్వు ఫారంలో రాసిన చోట నిజంగానే పడుకుంటున్నావో లేదో చూడడానికి బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వస్తారు, ఒక్క రాత్రితో సరిపెట్టుకోరు. ఆ తలుపు చప్పుడుకు మాత్రం లేచి వెళ్ళు. సేటుకు ముందే చెప్పి ఉంచు.